పెద్ద బొమ్మ షటిల్‌ని షోకేసు మోడల్‌గా మార్చాలంటే ఏది మేలు? పైపైన రంగేయడమా, మొత్తం విప్పి చేయడమా, కిట్ కొనుక్కోవడమా

అక్క వాళ్ళు అమెరికా నుంచి ఎప్పుడో వాళ్ళ పిల్లాడికని తెచ్చిన స్పేస్ షటిల్ బొమ్మ ఒకటి అమలాపురంలో మా ఇంటి అటక మీద ఏళ్ళ తరబడి ఉండిపోయిందండి. చిన్నదేం కాదు, ముక్కు నుంచి ఇంజిన్ల దాకా 62 సెంటీమీటర్లు, వీపు మీద రెండు తలుపులు తెరుచుకుంటాయి, కింద లావుపాటి చక్రాలు, పొట్ట మీద బ్యాటరీ మూత, స్పీకరు చిల్లులు. కిందటేడాది సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే కిందికొచ్చింది, తెల్ల ప్లాస్టిక్కు పసుపు తిరిగిపోయింది గాని ఎక్కడా విరగలేదు, దీన్ని అసలు షటిల్‌లా చేసి హాల్లో పెట్టుకుంటే ఎంత బాగుంటుందో కదా అని అప్పట్నించీ ఇదే ధ్యాస. చుట్టూ అడిగితే ఒకళ్ళు పైన రంగు కొట్టేయ్ చాలు అన్నారు, ఒకళ్ళు మొత్తం విప్పేయాల్సిందే అన్నారు, ఇంకొకళ్ళు ఆ కష్టం బదులు ముక్కలు అతికించి కట్టుకునే మంచి మోడల్ కిట్ కొనుక్కోవచ్చుగా అన్నారు. మూడింటి గురించీ నేను చూసిందీ చేసిందీ రాస్తున్నాను, ఇంట్లో ఇలాంటి పెద్ద బొమ్మ ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

ఏ దారి పట్టినా ముందు టేపు పట్టుకుని కొలవండి, ఇది మాత్రం మానొద్దు. అసలు ఆర్బిటరు, అంటే షటిల్‌లో రెక్కలుండే విమానం లాంటి భాగం, పొడవు 37.24 మీటర్లు, రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకి 23.79 మీటర్లు, అంటే రెక్కల వెడల్పు పొడవులో 64 శాతం ఉండాలి. నా బొమ్మ 62 సెంటీమీటర్లు కాబట్టి స్కేలు సరిగ్గా 1:60, ఆ లెక్కన రెక్కలు 39.6 సెంటీమీటర్లు రావాలి, కొలిస్తే 39 వచ్చింది. సరుకు పెట్టే గది అసలు దాంట్లో 18.3 మీటర్లు, అంటే బొమ్మలో 30 సెంటీమీటర్ల పైచిలుకు ఉండాలి, నాకు 29 ఉంది. ఇంత దగ్గరగా ఉందంటే బొమ్మ తయారుచేసినవాళ్ళు ఆకారం మీద శ్రద్ధ పెట్టారనే లెక్క. అదే రెక్కలు సగానికి కుదించేసి, ముక్కు బుర్రలా ఉబ్బించేసి, పిల్లల చేతికి పట్టేలా పొట్టిగా చేసిన బొమ్మయితే మాత్రం దానికి మీరు ఎన్ని నెలలు పనిచేసినా బాగా రంగేసిన బొమ్మే అవుతుంది గాని షటిల్ అవదండి. అలాంటిదానికి పైపూత చాలు, లేదా కిట్ కొనండి. నా మటుకు నాకు ఈ ఒక్క కొలతే మొత్తం నిర్ణయం చేసేసింది.

పైపూత సంగతి త్వరగా చెప్పేస్తాను. విప్పకుండా సబ్బు నీళ్ళతో కడిగి, పాత స్టిక్కర్లు ఊడబీకి, మాస్కింగ్ టేపు వేసి రంగులు దిద్దుకోవడం, రెండు ఆదివారాల పని. పిల్లాడు ఇంకా ఆడుకుంటాడు అనుకుంటే ఇదే మేలు, ఎందుకంటే పైన దళసరిగా ఎన్ని పూతలుంటే కింద పడినప్పుడు అన్ని పెచ్చులు లేస్తాయి. బొమ్మతో పాటు షటిల్‌కి ఇంధనం అందించే పెద్ద ట్యాంకు కూడా వచ్చి ఉంటే, అది నారింజ రంగులో ఉంటే దాన్ని అలాగే వదిలేయండి, తప్పు కాదు. నాసా వాళ్ళు 1981లో మొదటి రెండు ప్రయాణాలకే ట్యాంకుకి తెల్ల రంగేసేరు, తరవాత ఆ రంగు మానేస్తే దాదాపు 270 కిలోల బరువు తగ్గుతుందని పైనున్న ఫోమ్‌ని దాని రంగులోనే వదిలేసేరు. కాని ఆర్బిటరు దగ్గరికొచ్చేసరికి పైపూతతో ఒక చిక్కుంది, అదే నన్ను రెండో దారికి తోసింది.

చిక్కేంటంటే గీతలు. అసలు షటిల్‌కి వేడి తగలకుండా ఒంటినిండా అతికించిన బిళ్ళల్ని టైల్సంటారు, బొమ్మ మీద అవి కనపడాలని అచ్చులోనే గాడులు పెడతారు, నా దాంట్లో ఒక్కో గాడి ఒకటిన్నర మిల్లీమీటర్లుంది. చూడ్డానికి సన్నగానే ఉంటుంది, కాని 60తో హెచ్చవేస్తే 9 సెంటీమీటర్లు, అంటే అసలు షటిల్ మీద అయితే అరచెయ్యి దూరిపోయే సందన్నమాట. నిజం షటిల్‌కి టైలుకీ టైలుకీ మధ్య సందు మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే, టైలు 15 సెంటీమీటర్ల చదరం, మన స్కేల్లో అది రెండున్నర మిల్లీమీటర్ల గడి, సందయితే అసలు కంటికే ఆనదు. కాబట్టి ఆ గాడుల మీద ఎంత మంచి రంగేసినా దూరం నుంచి చూసినవాడికి ఇది బొమ్మ అని ఆ గాడులే చెప్పేస్తాయి. వాటిని నింపి నున్నగా చేసి, ఆ పైన పెన్సిలుతో సన్నగా గళ్ళు గీసుకుంటేనే కళ్ళు నమ్ముతాయి. లైట్లు పెట్టేనని, సౌండ్ పెట్టేనని చాలామంది చూపిస్తారు గాని నేనైతే గాడులు నింపని దానికి లైట్లు పెట్టడం దండగనే అంటాను.

మరి దేంతో నింపాలి? నేను మూడూ వాడి చూసేను. ఎంసీల్ అయితే స్క్రూ చిల్లులకి బ్రహ్మాండంగా ఉంటుంది, కలిపి కుక్కేస్తే రాయిలా గట్టిపడుతుంది, కుంగదు, కాని సన్నటి గాడుల్లోకి సరిగ్గా వెళ్ళదు, పైగా ప్లాస్టిక్ కన్నా గట్టి కాబట్టి వాటర్ పేపరుతో రుద్దితే చుట్టూ ప్లాస్టిక్ అరిగి అది మెట్టలా మిగులుతుంది. ఫెవిక్విక్, తినే సోడా కలిపితే క్షణంలో బిగుస్తుంది, చిల్లులో సోడా పోసి ఒక్క చుక్క వేస్తే చాలు, కాని వెంటనే రుద్దేసుకోవాలి, మర్నాటికి వదిలేస్తే మొండికేస్తుంది, 62 సెంటీమీటర్ల ఒంటి మీద వందల గాడులకి అది అయ్యే పని కాదు. కార్లకి వాడే పాటీలో రెండు రకాలున్నాయండి, ట్యూబులో వచ్చే ఎన్‌సీ పాటీ ఆరేకొద్దీ కుంగిపోతుంది, పూసిన వారానికి గాడి మళ్ళీ కనపడుతుంది. హార్డెనర్ కలిపే పాటీ కుంగదు, ప్లాస్టిక్ కార్డుతో పల్చగా లాగుకోవచ్చు, రుద్దితే ప్లాస్టిక్‌తో సమానంగా దిగుతుంది. గాడులకి ఇదే మేలు, చిల్లులకి ఎంసీల్, ఎక్కడైనా చిన్న పగులుంటే ఫెవిక్విక్. పాటీ వేసేముందు ఆ ప్లాస్టిక్‌ని 400 నంబరు వాటర్ పేపరుతో గరుకు చెయ్యడం మాత్రం మరిచిపోవద్దు, నున్నటి ప్లాస్టిక్ మీద పాటీ పెచ్చులా లేచొచ్చేస్తుంది. రుద్దడం ఎప్పుడూ నీళ్ళతోనే చెయ్యండి, పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది.

ఇక రంగు. మా లంకల్లో ఉండేవాళ్ళకి అసలు పోలిక చూడాల్సింది ఇక్కడే. బ్రష్షా, స్ప్రే డబ్బానా, ఎయిర్‌బ్రష్షా అని అందరూ అడుగుతారు, నేనైతే ముందు ఏ నెల అని అడుగుతాను. మూడు పక్కలా గౌతమి, వశిష్ఠ, వైనతేయ, ఎటు చూసినా కాలవలూ చెరువులూ, ఆ పక్కన సముద్రం, గాలిలో చెమ్మ ఎప్పుడూ ఉండేదే. కిందటేడు ఆగస్టులో వాన వెలిసింది కదా అని మేడ మీదకెళ్ళి సరుకు గది తలుపు ఒకదానికి లాకర్ క్లియర్, అంటే రంగు మీద వేసే రంగులేని పైపూత, కొట్టేను, పది నిమిషాల్లో దాని మీద పాలమీగడలాగా తెల్లటి తెర కట్టేసింది, నల్ల రంగంతా బూడిదరంగైపోయింది. ఎందుకంటే అందులో థిన్నరు గబగబా ఎగిరిపోయేటప్పుడు ఆ పైపొర చల్లబడుతుంది, చల్లబడ్డ చోట గాలిలో తేమ నీరుగా దిగుతుంది, ఆ నీరు రంగులో చిక్కుకుపోతుంది. టింకరింగ్ షెడ్లో పెయింటు కొట్టే పెద్దాయన్ని అడిగితే, "ఆయ్, బ్లష్ అయ్యిందండి అది, వానల్లో మేమే కొట్టం, ఎండ కాసినప్పుడు స్లో థిన్నరు పల్చగా ఓ తుంపర కొట్టండి, విడిపోద్ది" అన్నారు. అలాగే చేస్తే చాలామటుకు పోయింది, కాని ఒక మూల మచ్చ మిగిలితే మొత్తం రుద్దేసి మళ్ళీ మొదలెట్టేను.

అంచేత నేను చెప్పేది, కోనసీమలో స్ప్రే పనంటే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం అయ్యాక పొద్దుటి మంచు తగ్గేకా మొదలెట్టి ఎండలు ముదిరేలోపు ముగించుకోవాలి, అదీ పొద్దున్న పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు మధ్యలో. వానాకాలంలో ఆగలేం అనుకుంటే నీళ్ళతో కలిపే యాక్రిలిక్ రంగుల్ని బ్రష్షుతో వేసుకోండి, వాటికి ఈ తెల్ల తెర బాధ లేదు, ఆరడం ఆలస్యమవుతుంది అంతే. కాని 62 సెంటీమీటర్ల వస్తువు మీద, అదీ తెల్ల రంగు, బ్రష్షు చారలు లేకుండా వెయ్యడం చాలా కష్టం, అరచేతికి మించిన ప్రతి చోటా చార పడుతుంది. ఎయిర్‌బ్రష్ ఎంతో నాజూకుగా వేస్తుంది గాని ఇంత పెద్ద ఒంటికి దాంతో గంటలకొద్దీ కొట్టాలి, పైగా మన గాలిలో కంప్రెసర్ గొట్టంలో నీళ్ళు చేరి మధ్యమధ్యలో చుక్కలు చిమ్ముతుంది, తేమ పట్టే ఫిల్టరు లేకుండా ఇక్కడ కొనడం వృథా. షెడ్లో ఇచ్చేస్తే ఒక పూటలో అయిపోతుంది, ఫినిషింగ్ అద్దంలా ఉంటుంది, అదే దాని లోపం కూడా, షటిల్ ఎప్పుడూ కారులా మెరవదు, కాబట్టి అక్కడిస్తే మ్యాట్ క్లియర్ కావాలని ముందే గట్టిగా చెప్పాలి. వాళ్ళు వాడే థిన్నరు మీ ప్లాస్టిక్‌ని తినేస్తుందేమో కూడా చూసుకోవాలి, బొమ్మ లోపలి వైపు ఎవరికీ కనపడని చోట దూదిపుల్లతో ఓ చుక్క రాయండి, జిగటగా మెత్తబడితే ఆ థిన్నరు మీద పెట్టుకోకండి.

నేను చివరికి చేసిందేంటంటే ప్రైమరు, తెలుపు, కింద నలుపు మూడూ స్ప్రే డబ్బాలతో, ఒక్కోటి పల్చగా మూడు నాలుగు సార్లు, చిన్న చిన్నవన్నీ బ్రష్షుతో. తెలుపు ముందు, నలుపు తరవాత, ఎందుకంటే నలుపు మీద తెలుపు నిలబడాలంటే దళసరిగా వెయ్యాల్సొస్తుంది. టేపు అంచు కిందికి రంగు పాకకుండా ఉండాలంటే టేపు వేసేకా ఆ అంచు మీద ముందు క్లియర్ ఒకసారి కొట్టి ఆ తరవాత నలుపు కొట్టండి, గీత కోసినట్టు వస్తుంది. నలుపు అన్నాను గాని కాటుక నలుపు వద్దండి. అసలు షటిల్ మీద దాదాపు 24 వేల టైల్సుండేవి, ప్రయాణం చేసొచ్చినవి వెలిసి బూడిదరంగులోకి వచ్చేవి, మార్చినవి కొత్తగా నల్లగా ఉండేవి, పొట్ట చూస్తే మాసికలేసిన దుప్పటిలా ఉండేది. ముదురు బూడిద నలుపు వేసి, అక్కడక్కడా కొన్ని గళ్ళు మాత్రం ఇంకాస్త నల్లగా దిద్దితే అది వస్తుంది. నాకు ఈ గళ్ళకే పదకొండు రాత్రులు పట్టింది, ఆ పదకొండు రాత్రులూ ఎంత బాగున్నాయో చెప్పలేను.

కిట్ విషయానికొస్తే, ఖాళీ తక్కువుండి ఖచ్చితత్వం కావాలి అనుకునేవాళ్ళకి అదే మేలని ఒప్పుకోవాలి. 1:72లో వచ్చే ప్లాస్టిక్ కిట్లు కడితే 52 సెంటీమీటర్ల దాకా వస్తాయి, గీతలు సన్నగా ఉంటాయి, నీళ్ళలో నానబెట్టి అంటించే డెకాల్స్ (పేర్లూ గుర్తులూ ఉన్న పల్చటి స్టిక్కర్లు) దాంతోనే వస్తాయి. లెగోలో 2021లో వచ్చిన డిస్కవరీ సెట్టుంది, 2,354 ముక్కలు, హబుల్ టెలిస్కోపు కూడా ఇస్తారు, రంగు పనే లేదు, వానాకాలంలో కూడా కట్టుకోవచ్చు. కాని దగ్గరికెళ్తే బొడిపెలు కనపడతాయి, అది లెగో అందం, షటిల్ అందం వేరు. వీటి ధరలు కూడా కాస్త గట్టివే. నా విషయంలో మాత్రం ఇంట్లో సరైన కొలతలతో బొమ్మ ఉండగా, అది మా పిల్లాడు గచ్చు మీద తోసుకుంటూ ఆడుకున్నదై ఉండగా, కిట్ మీద మనసు పోలేదు.

ఇంకో పోలిక మిగిలింది, ఏ షటిల్‌లా చెయ్యాలి? నా బొమ్మ మీద కొలంబియా అని పేరుంది, కాని ఆకారం కొలంబియాది కాదు. కొలంబియాకి మాత్రమే రెక్కల ముందు భాగం పైవైపున కూడా నల్ల టైల్సుండేవి, తోక రెక్క కొసన కెమెరా పెట్టిన ఒక ఉబ్బు ఉండేది, ఈ రెండూ బొమ్మలో లేవు. డిస్కవరీలా చేస్తే పేరు మారిస్తే చాలు, పని తక్కువ, పైగా 39 ప్రయాణాలు చేసిన ఆ షటిల్ ఇప్పుడు వర్జీనియాలో మ్యూజియంలో ఉంది కాబట్టి ఏ మూల ఎలా ఉంటుందో కావాల్సినన్ని ఫొటోలు దొరుకుతాయి. పని సులువుగా, తప్పుల్లేకుండా కావాలంటే డిస్కవరీయే మేలు, ఎవరడిగినా అదే చెప్తాను.

నేను మాత్రం కొలంబియా చేసేను. 2003 ఫిబ్రవరి 1, శనివారం సాయంత్రం, ఏడున్నర ఆ ప్రాంతంలో అది మన కల్పనా చావ్లాతో సహా ఏడుగుర్నీ తీసుకుని దిగాల్సింది ఆకాశంలోనే ముక్కలైపోయింది. మా ఇంట్లో టీవీ ముందు వీధి వీధంతా కూర్చుని ఉంది, ఎవరూ మాట్లాడలేదు, అమ్మ పొయ్యి మీద అన్నం సంగతి మర్చిపోతే మాడు వాసనొచ్చేదాకా ఎవరం లేవలేదు. తరవాత తెలిసింది, బయల్దేరిన 82 సెకన్లకే ట్యాంకు మీంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్క ముందంచుకి తగిలిందని. ఆ ముందంచు నల్ల టైల్సు కాదండి, 22 పలకలుగా ఉండే కార్బన్ అది, రంగు బూడిద, ముక్కు కొసన కూడా అదే. దాదాపు అన్ని బొమ్మల్లోనూ దాన్ని నల్లగానో తెల్లగానో వేసేస్తారు. ఏ షటిల్ చేసినా సరే, ఆ అంచు మాత్రం బూడిదరంగులో వెయ్యండి, అది ముఖ్యం. నేను రెండు రెక్కలకీ 22 చొప్పున పలకలు గీసి మరీ వేసేను. తోక మీద ఉబ్బు ఎంసీల్‌తో చుట్టి, రాయిలా అయ్యాక రుద్దితే కుదిరింది.

పేర్లకీ జెండాకీ మన ఊళ్ళో రేడియం స్టిక్కర్ షాపే దిక్కు. బైకు నంబరు ప్లేట్లకి కోసినట్టే కోసిస్తారు, కాని రేడియం మందంగా ఉంటుంది, అతికిస్తే అంచు తెలిసిపోతుంది. అందుకని అక్షరాలు కాకుండా అక్షరాల చిల్లులున్న స్టెన్సిల్ కోయించుకుని, అది అంటించి పైన రంగు తుంపరగా కొట్టి ఊడదీయడం మేలు. ఐదు మిల్లీమీటర్ల లోపు అక్షరాలు వాళ్ళ మిషను సరిగ్గా కోయలేదు, నా దాన్లో అంత చిన్నవి వదిలేసేను, తప్పుగా ఉండటం కన్నా లేకపోవడం నయం. లైటు ఒక్కటే పెట్టేను, సరుకు గదిలో, తెల్ల ఎల్ఈడీ, సెల్‌ఫోను ఛార్జరుకి 100 ఓమ్ రెసిస్టరుతో. బ్యాటరీలు మాత్రం పెట్టకండి, మన చెమ్మకి మర్చిపోయిన రోజున కారి లోపలంతా పచ్చగా తినేస్తాయి, అసలు చప్పుడు పోయింది కూడా దానివల్లే. వైరు బయటికి రావడానికి పాత బ్యాటరీ గదే పనికొచ్చింది, స్టాండు కడ్డీ కూడా అందులోంచే బిగించేను.

పెట్టె అద్దందే చేయించేను, అల్యూమినియం వర్క్స్ షాపులో. యాక్రిలిక్ తేలికే గాని దుమ్ముని అయస్కాంతంలా లాక్కుంటుంది, తుడిస్తే గీతలు పడతాయి. అద్దం బరువే, కాని బల్లులూ సాలీళ్ళూ రావు, ఎన్నేళ్ళయినా తుడుచుకోవచ్చు. లోపల మూలకి సిలికా జెల్ నీలం గింజల పొట్లం ఒకటి, అవి గులాబీ రంగుకి తిరిగితే తీసి బాణలిలో సన్నసెగ మీద వేడి చేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. కిటికీ ఎండ పడని గోడ చూసుకోండి, మొదట పసుపు తిరిగింది ఎండవల్లే.

ఇక ఎలా నిలబెట్టాలి అన్నది చివరిదాకా తేలలేదు. చక్రాల మీద నిలబెడితే లావు చక్రాలు మొత్తాన్ని చెడగొడతాయి, కాబట్టి అది కాదు. మిగిలినవి రెండు, తలుపులు తెరిచి భూమి చుట్టూ తిరుగుతున్నట్టు, లేదా తలుపులు మూసి ముక్కు 40 డిగ్రీలు పైకెత్తి వాతావరణంలోకి దిగుతున్నట్టు. నలభై డిగ్రీలైతే ఆ పదకొండు రాత్రుల పొట్ట మొత్తం కనపడుతుంది, గచ్చు మీద కూర్చున్నవాళ్ళకి కూడా. తెరిస్తే లోపలి లైటు కనపడుతుంది. నా ఓటు నలభై డిగ్రీలకే, అంచేత తలుపులు అంటించేసి ఆ సందు కూడా పాటీతో మూసేస్తే ఎంత నున్నగా ఉంటుందో అని జిగురు కలుపుకుంటున్నాను, అంతలో అక్క వీడియో కాల్ చేసింది. పిల్లాడు, ఇప్పుడు తొమ్మిదో క్లాసు, చూసి వెంటనే, "మావయ్యా, తలుపులు అంటించేస్తున్నావా? పైకెళ్ళగానే అవి తెరవకపోతే లోపల వేడి బయటికి పోదు, వెంటనే వెనక్కి తిప్పేసుకోవాల్సిందే తెలుసా" అన్నాడు. వాడు చెప్పింది నిజమే, వేడిని అంతరిక్షంలోకి వదిలే రేడియేటర్లు ఆ తలుపుల లోపలి వైపే ఉండేవి. జిగురు పక్కన పెట్టేసేను. తలుపుల లోపలికి సిల్వర్ రంగేసి, కీలుకి ఓ చుక్క మిషను నూనె రాసి, తెరుచుకునేలాగే ఉంచేను. ఇప్పుడు నలభై డిగ్రీల్లో, తలుపులు మూసే ఉంది, వాడు ఎండాకాలం సెలవులకి వచ్చినప్పుడు తెరుస్తాడు.